ఇంజిన్‌కి బొట్టు

టీవీకి తగిలించి ఆడే గేమ్ యంత్రానికి కరెంటిచ్చే నల్ల పెట్టె ఒకటుంటుంది, ఇటుకంత. అది పని చెయ్యడం మానేసిన పొద్దున్నే నేను పక్క రైసుమిల్లు గుమాస్తాని నోటికొచ్చినట్టు కడిగేసి వచ్చాను. రాజాంలో మా ఇంట్లోకొచ్చే ఊకదుమ్మంతా వాళ్ళదే. మరి ఇంకెవరిని అనాలి?

నాది ఊరికే వచ్చిన కోపం కాదు. మా ఆయన గణపతిరావు ఉద్యోగమంతా బస్సు నడిపారు. మొన్న వేసవిలో పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. ఫిజియోథెరపీ డాక్టరు పెసరగింజలు ఏరమంటే రెండు వేళ్ళూ కలవక, పళ్ళెం విసిరికొట్టి మళ్ళీ ముట్టుకోలేదు. మా అమ్మాయి యమున ఈ గేమ్ తెచ్చి స్టీరింగ్ తగిలించాక మాత్రం టీవీలో బొమ్మ బస్సు నడపడానికి రోజూ కూర్చునేవారు. చెయ్యి కాస్త కదిలింది. ఇప్పుడు ఆపితే అదీ బిగుసుకుపోతుందన్నారు డాక్టరు. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే.

టీవీలు బాగుచేసే నా తమ్ముడు ఎల్లాజీని పిలిపించాను.

"ఏటైనాదక్కా?"

"కాసేపు ఆడితే ఎర్ర లైటొచ్చి ఆగిపోతన్నాది. మిల్లు దుమ్మే. ఇప్పి సూడు."

వాడు ప్లగ్గు తీసి, పెట్టెను పక్కన పెట్టి తీరిగ్గా టీ తాగాడు. తొందరపెడితే, "లోపల కరెంటు కొంత మిగిలుంటాదక్కా. అది దిగాల, నీ కోపంలాగ," అన్నాడు. మా ఆయన నవ్వారు. నాకు ఒళ్ళు మండింది.

తర్వాత అడుగున అతికించిన రబ్బరు బిళ్ళలు గోటితో లేపి, వాటి మాటునున్న స్క్రూలు విప్పి మూత తీశాడు. లోపల ఊకదుమ్ము లేదు. చిన్న ఫ్యాను రెక్కలకి ఎర్రగా ముద్దకట్టి కుంకుమ ఉంది.

"ఫ్యాను తిరక్క వేడెక్కిపోతన్నాది. ఎవులు పోసినారిది?"

మిల్లు గుమాస్తాకి ఇక ఏ మొహం చూపించను? దసరాకి నేను బొట్టు పెట్టింది స్టీరింగుకే. మా ఆయన వైపు తిరిగాను. "మీరేనా?"

ఆయన తలొంచుకున్నారు. "ఇంజిన్‌కి ఎట్టకుండా స్టీరింగుకి ఎడితే అదేటి పూజ? బస్సుకైతే ముందు ఇంజిన్‌కే ఎట్టేవోడిని. దీనికి ఆ నల్ల పెట్టే కదా ఇంజిన్. నువ్వు వంటింట్లో ఉన్నప్పుడు సిటికెడు తీసినాను. జారి పెట్టె సందుల్లోంచి లోపలికి పోనాది. తడిగుడ్డతో తుడిసేసినాను."

తిట్టడానికే నోరు తెరిచాను. అంతలో తట్టింది. "ఏ సేత్తో తీసినారు?"

"పూజకి ఎడంసెయ్యి ఎడతారేటే ఎవులైనా?"

పెసరగింజ పట్టని వేళ్ళతో, నేను చూడకుండా చిటికెడు కుంకుమ తీశారన్నమాట. నాకు ఏడుపొచ్చేసింది.

ఎల్లాజీ తలెత్తకుండా బ్రష్షుతో రెక్కలు దులిపాడు, స్పిరిట్‌తో తుడిచాడు, చుక్క నూనె వేసి మూత బిగించాడు. ప్లగ్గు పెడితే పచ్చ లైటు వెలిగింది. ఆయన స్టీరింగు దగ్గరికి జరగబోతే ఆపి, కుంకుమభరిణె తెచ్చి ముందు పెట్టాను.

"ఈసారి నాకు ఎట్టండి."

"జారిపోతాది పద్మా."

"జారనీండి."

ఆ రెండు వేళ్ళూ దగ్గరికి రావడానికి చాలాసేపు పట్టింది. చెయ్యి వణుకుతూ నా ముఖం దాకా వచ్చింది. నేను కదల్లేదు.

"అక్కా, ముక్కు మీద పడిపోనాది," అన్నాడు ఎల్లాజీ.

"ఉండనీరా," అన్నాను.