బస్సుకు వీపు తిప్పిన బల్ల

నేను ఒక సిమెంటు బల్లను. గోదావరి జిల్లాలో ఒక చిన్న సెంటరులోని బస్టాపు నా చిరునామా. నన్ను పోతపోసిన మేస్త్రి సత్తిరాజు, నా వీపు మీద ఎర్ర అక్షరాలతో ఒక పేరు రాయించాడు. "కీ.శే. కొల్లి ధర్మారావు, బస్సు కండక్టరు. జ్ఞాపకార్థం, భార్య వీరమణి." ఆ పేరు మోస్తున్నందుకు నాకు భలే గర్వం.

పాతేరోజున సత్తిరాజు నా వీపుని రోడ్డువైపు తిప్పించాడు. "దాత పేరు రోడ్డు మీదికి కనపడాలి కదండీ," అన్నాడు. వీరమణి సరేనంది. పెద్దలందరూ తలలూపారు. కూర్చున్నవాళ్ళకి బస్సు ఎలా కనపడుతుందన్నది ఒక్కరికీ తట్టలేదు. మనుషులు బల్ల వేయించేటప్పుడు రాసే పేరు గురించి ఆలోచించినంతగా కూర్చునే మనిషి గురించి ఆలోచించరు కాబోలు!

నా మీద కూర్చుంటే ఎదురుగా కనిపించేది పంచాయతీ ఆఫీసు గోడ. కాళ్ళలో సత్తువున్నవాళ్ళు నా మీద సంచులు పెట్టి, తాము రోడ్డు పక్కన నిలబడేవాళ్ళు. నిలబడలేనివాళ్ళే కూర్చునేవాళ్ళు, బస్సు తప్పిపోయేదీ వాళ్ళకే. అయినా నన్నెవరూ ఏమీ అనలేదు. తిట్లన్నీ పాపం డ్రైవరుకే.

ధర్మారావు సంవత్సరీకం నాడు వీరమణి బంతిపూల దండ తెచ్చింది. ఆమె రోడ్డుకి వీపు పెట్టి దండ సర్దుతుంటే, వెనక నుంచి బస్సు ఆగకుండా వెళ్ళిపోయింది. నా మీద కూర్చున్న అచ్చియమ్మ మొహం చూడాలి! ఆమెకి కిడ్నీలు పాడయ్యాయి. ఆ బస్సెక్కితేనే వేళకి ఆసుపత్రి చేరేది.

"నిలబడితే కళ్ళు తిరుగుతాయమ్మా, కూర్చుంటే బస్సు కనపడదు. పోయినసారీ ఇంతే. డయాలసిస్ తప్పితే రాత్రంతా ఆయాసమే," అంది అచ్చియమ్మ.

వీరమణి ఆటో పిలిచి ఆమెను ఆసుపత్రికి పంపింది. అక్కణ్ణించి నేరుగా సత్తిరాజు ఇంటికే వెళ్ళి, అతన్ని వెంటబెట్టుకొచ్చింది.

"దీన్ని రోడ్డు వైపు తిప్పెయ్యవయ్యా."

"తిప్పితే పేరు గోడవైపుకి పోద్దండి పిన్నిగారూ. ముందువైపు రాద్దామంటే, జనం వీపులు రాసుకుని నాలుగు రోజుల్లో చెరిగిపోద్ది."

వీరమణి నా వీపు మీది అక్షరాలను చేత్తో తడిమింది. ఆమె కళ్ళు చెమర్చాయి.

"పోనీ గోడవైపే ఉండనీ. ఉద్యోగమంతా ఆయన బస్సు వెనక తలుపు దగ్గరే నిలబడ్డారు. ఆఖరి మనిషి ఎక్కేదాకా రైట్ అనేవారు కాదు. వెనక ఉండటం ఆయనకి అలవాటే."

గడ్డపలుగులతో పెకలించి నన్ను తిప్పారు. ఇప్పుడు అచ్చియమ్మ కూర్చున్నచోటి నుంచే బస్సుని చూస్తుంది, అక్కణ్ణించే చెయ్యెత్తుతుంది. బస్సు ఆగుతుంది. ఆమె నిదానంగా మెట్లెక్కి సీట్లో కూర్చున్నాక, నా వెనక గోడవైపు నుంచి ఎవరో రైట్ అన్నట్టే ఉంటుంది నాకు.