కోదండపాణి కుచ్చిళ్లు

నాలుగు గుండుసూదులు పెదవుల మధ్య బిగించి, కోదండపాణి మూడో బొమ్మకు కుచ్చిళ్లు పోస్తున్నాడు. బొటనవేలికీ చిటికెనవేలికీ మధ్య పట్టు ముందుకూ వెనక్కూ మడతపడుతోంది. ఏడు మడతలయ్యాక ఒక్కసారి విదిలించి, నడుము దగ్గర దోపి, రెండడుగులు వెనక్కి జరిగి చూశాడు. అంచు నేలకు వెంట్రుకవాసి ఎత్తులో ఆగింది. అప్పుడు ఒక్కో సూదీ తీసి గుచ్చాడు.

ప్రొద్దుటూరులోని ఆ బట్టలకొట్టు అద్దాల వెనక ఐదు బొమ్మలున్నాయి. ముప్పై ఆరేళ్లుగా వాటికి చీరలు మార్చేది ఆయనే. సన్నటి మనిషి. వీపు కొంచెం వంగింది. పట్టుకు తగలకూడదని గోళ్లు ఎప్పుడూ చివరంటా కత్తిరించుకుంటాడు. తండ్రి అమ్మవారి గుడిలో అర్చకుడు. అలంకారం రోజుల్లో ఆయన పక్కన కూర్చుని అమ్మవారికి చీర కట్టడం నేర్చుకున్నాడు. అర్చకత్వం అన్నకు దక్కింది, ఈయనకు చేతిలో పని మిగిలింది. కొట్లో పనిచేసేవాడికి పిల్లనిస్తామని ఎవరూ రాలేదు. కొన్నాళ్లకు ఆయనా ఆ మాట ఎత్తడం మానేశాడు. ఇప్పుడు అన్న కొడుకు దత్తాత్రేయ ఇంట్లో ముందుగదిలో ఉంటున్నాడు.

పదకొండింటికి జమ్మలమడుగు నుంచి వెంకటసుబ్బమ్మ అనే ఆమె కూతురు ఐశ్వర్యను వెంటబెట్టుకొచ్చింది. పది రోజుల్లో పెళ్లి. తల్లి ముదురాకుపచ్చ పట్టుచీర ఎంచింది. కూతురు దాని వైపు చూడనైనా లేదు. నిశ్చితార్థం రోజు స్టేజీ మీద చీర అంచు కాలికింద పడి ఆ పిల్ల బోర్లా పడిందట. ఎవరో నవ్వింది వీడియోలో కూడా వినపడుతోందట. పెళ్లిలో లేచి నడిచే పనే పెట్టుకోనని, కూర్చున్నచోటే తాళి కట్టించుకుంటానని మొండికేసింది. తల్లి గొంతు తగ్గించి బతిమాలుతోంది. చీరలు చూపించే కుర్రవాళ్లు వినపడనట్టు మడతలు సర్దుకుంటున్నారు.

ఆ పిల్ల ఒరుగుతూ లోపలికి రావడం గమనించిన కోదండపాణి అద్దాల గదిలోంచి దిగి వచ్చాడు.

"ఏ కాలు పొట్టి తల్లీ?"

వెంకటసుబ్బమ్మ ముఖం మాడిపోయింది. ఐశ్వర్య మాత్రం ఆయన్ని తేరిపార చూసింది. ఆ మాట ఇంత తిన్నగా ఆమెనెవరూ అడిగి ఉండరు.

"ఎడమది. రెండు వేళ్లంత."

"అయితే తప్పు నీ కాలుది కాదు, కుచ్చిళ్లది. అందరికీ ఒకే మాదిరి కడితే యాడ కుదురుతాది?"

మూడో బొమ్మను బయటికి తెచ్చి, చీరల మధ్య పెట్టే అట్టముక్కలను దాని పీట కింద కుడివైపు దొంతరగా పెట్టాడు. బొమ్మ ఎడమకు ఒరిగింది. ఐశ్వర్య నిలబడ్డట్టే నిలబడింది. తల్లి తల తిప్పుకుంది. ఐశ్వర్య తిప్పుకోలేదు.

ఆకుపచ్చ చీరను ఆయన బొమ్మకు మెల్లగా కట్టాడు. ఎడమ నడుము దగ్గర రెండు వేళ్లు ఎక్కువ లోపలికి దోపాడు. కుచ్చిళ్లను బొడ్డుకు సూటిగా కాక కాస్త ఎడమకు జరిపాడు. ఒరిగిన బొమ్మ మీద అంచు నేలకు సమంగా నిలిచింది.

అమ్మవారికీ బొమ్మలకూ తప్ప ఆయన ఎవరికీ చీర కట్టలేదు. అందుకే బారెడు దూరంలో నిలబడి నోటితోనే చెప్పాడు. ఐశ్వర్య ఇంకో చీరను చుడీదారు మీదే చుట్టుకుంది. మొదటిసారి అంచు జారింది. రెండోసారి కుచ్చిళ్లు చెదిరాయి. విప్పి మళ్లీ కట్టమన్నాడు. ఐదోసారికి అద్దం చూడకుండానే కట్టుకుని, కొట్టు ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచింది. అడుగడుగుకూ ఒరుగుతూనే ఉంది, అంచు మాత్రం కాలికి తగల్లేదు.

"కుంటేది కనపడతానే ఉంటాది సామీ," అంది తిరిగి వచ్చి.

"కనపడనీ. పడవు గదా."

ఆ పిల్ల నవ్వింది. అప్పటిదాకా బిగబట్టిన ఏడుపు తల్లికి అప్పుడొచ్చింది.

వాళ్లు వెళ్లాక కోదండపాణి స్టూలు మీద చాలాసేపు కూర్చుండిపోయాడు. భుజం లాగుతోందన్నాడు. బిల్లులు రాసే జాకీర్ ఆయనతో పాటే కొట్లో చేరినవాడు. సాయంత్రం ఆయన వెళ్లబోతుంటే అడ్డంపడ్డాడు.

"సైకిలు ఈడే ఉండనీ అప్పా. నా బండెక్కు, దింపుతా."

తెల్లవారి దత్తాత్రేయ కొట్టుకొచ్చి చెప్పాడు. చిన్నాయన కాఫీ అడిగి గోడకు ఆనుకున్నాడట. గ్లాసు తెచ్చేలోగా పోయాడట. ఆ రోజు కొట్టు తెరవలేదు. బొమ్మలకు ఆయన కట్టిన చీరలు మూడు రోజులు అలాగే ఉన్నాయి.

పెళ్లయిన మర్నాడు వెంకటసుబ్బమ్మ ఫోను చేసింది. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా పిల్ల ఏడడుగులూ నడిచిందని, తన చీర తానే కట్టుకుందని, సామికి ఒక్కమాట చెప్పాలని అంది. జాకీర్ అంతా విన్నాడు. ఆ తర్వాత సామి లేడని చెప్పాడు.

ఫోను పెట్టేసి బయటికొచ్చాడు. కొట్టు పక్క గోడకు ఆనించిన సైకిలు అక్కడే ఉంది. సీటుకు చుట్టి కుట్టిన పాత పట్టంచు ముక్క మీద దుమ్ము సన్నగా పరుచుకుంటోంది.