నాటకంలో లేని గుర్రం

ఈ దీవులలో బెంతెన్ అన్న పేరు దాల్చి, వీణను ఒడిలో నిలుపుకొన్న తల్లీ, మాట తడబడిన చోట మాకు తోడుండు.

మిసాగో నాటకశాల వెలుపలి నుంచి దొరల బంగళాలా ఉండేది. తెల్లరంగు చెక్కగోడలు, కమాను కిటికీలు. లోపల దేవదారు స్తంభాలు, జనం కూర్చునేందుకు చాపలు పరచిన గడులు, వారి నడుమ నుంచి వేదికకు సాగే, నటులు నడిచే పూలదారి. పాత పలకల కప్పుకు గని యజమానులు కొత్తగా విద్యుద్దీపాల గాజుగుత్తిని వేలాడదీయించారు.

నల్లముసుగు వేసుకొని నటుల వెనుక నక్కి మాటలందించడం జిన్‌రోకు పని. సేనాపతి వేషధారి తొకియెమోన్‌కు అతడు లేనిదే నోరు పెగలదు. ఆ ఉదయమే తొకియెమోన్ అతణ్ణి హెచ్చరించాడు.

"నువ్వేది అందిస్తే అదే అంటానురా. ఒక్క మాట తప్పందించావా, రేపట్నుంచి చేపలమ్ముకో."

రెండవ అంకంలో కప్పు నుంచి సన్నని చెక్కపొట్టు రాలింది. జిన్‌రోకు తలెత్తి చూశాడు. గుత్తి గొలుసును పట్టిన పలక చీలుతోంది. సరిగ్గా దాని కింది గడిలో అతని భార్య షినో అన్నపు డబ్బా విప్పుతోంది. కేక వేస్తే జనమంతా ఉన్న ఒక్క తలుపు మీద పడతారు, పిల్లలు నలిగిపోతారు. ఊరకుంటే షినో దక్కదు.

"అయ్యగారూ, నడిమి గడులవాళ్లని పూలదారి పక్కకి జరగమనండి. గుర్రం దిగుతుందనండి."

"గుర్రమేంట్రా?" పెదవి కదలకుండా గొణిగాడు తొకియెమోన్.

"మీ కాళ్లు పట్టుకుంటా. అనండి."

సభ ఎదురుచూస్తోంది. పలక కిర్రుమంది.

"నడిమి గడులలోని జనులారా, పూలదారి చెంతకు జరగండి. మీరున్న చోట నా గుర్రము దిగును."

"గుర్రానికి టిక్కెట్టుందా, సేనాపతీ?" అన్నాడొక గనికూలీ. నవ్వుతూనే అందరూ లేచారు. షినో కూడా జరిగింది. అంతలో డబ్బా మరచిపోయినట్టుంది, వెనుదిరిగింది.

జిన్‌రోకు చూపు కప్పు మీదే నిలిచిపోయింది. అందించడానికి మాట రాలేదు. తొకియెమోన్ అప్పుడు కప్పు వైపు చూశాడు.

"ఓ ఇల్లాలా, ఆ డబ్బా నా గుర్రానికి వదిలెయ్. ఇటు రా."

ఆ మాట ఎవరూ అందించలేదు. షినో సిగ్గుపడుతూ ఇవతలికి వచ్చింది. గుత్తి కూలింది. గాజుపెంకులు ఖాళీ చాపల మీద చిందాయి.

తొకియెమోన్ భంగిమ చెదరలేదు. "తర్వాతేంట్రా?"

"తెలీదయ్యగారూ."

"అయితే తెర వేయిస్తా. నడు, ముందు మీ ఆవిణ్ణి చూసుకో."

ఈ కథ విన్నవారినీ, వారి వారినీ ఆ తల్లి చల్లగా కాచుగాక.