జర్మనీలో తెక్లా అన్న మాట

విమానంలో తండ్రి మంచినీళ్లు అడక్కపోయి ఉంటే తెక్లా హాయిగా ఇల్లు చేరేది. అడిగాడు, అదీ జర్మన్ భాషలో. తడబాటు లేకుండా, ఎంతో మర్యాదగా, "అమ్మాయీ, వీలుంటే కాసిని నీళ్లిస్తారా, ఐసు వద్దు" అని. విమానంలో పనిచేసే ఆ పిల్ల నవ్వుతూ తెచ్చిచ్చింది. ఆ తండ్రి, గయోజ్, గటగటా తాగి, గ్లాసు వెనక్కిచ్చి, మీసాలు తుడుచుకున్నాడు. పక్క సీట్లో తెక్లా గబుక్కున ఆయన వైపు తిరిగింది.

"నాన్నా, నీకు జర్మన్ వచ్చా?"

"సైన్యంలో ఉన్నప్పుడు రెండేళ్లు జర్మనీలోనే తగలబడ్డాను కదే. ఎన్నిసార్లు చెప్పలేదు?"

చెప్పాడు. చిన్నప్పట్నుంచీ చెబుతూనే ఉన్నాడు. వంటశాలలో బంగాళాదుంపలు చెక్కు తీసిన కథ, మంచులో కాపలా కాసిన కథ. ఎవరు విన్నారు గనక! కథ మొదలెట్టగానే తల్లీ కూతుళ్లిద్దరూ లేచి గిన్నెలు కడగడానికి పోయేవారు.

"ఎంత వచ్చు?" అంది తెక్లా.

"నీళ్లడిగేంత" అని ఆయన కిటికీ వైపు తిరిగి కళ్లు మూసుకున్నాడు. ఇక ఆమెకు తిండీ నిద్రా రెండూ లేవు.

అసలు జరిగిందేమిటంటే, జర్మనీలో జరిగిన ఒక వైన్ ప్రదర్శనకి తెక్లా తండ్రిని వెంటబెట్టుకెళ్లింది. చలికాలమంతా ఉత్తరాల మీద ఉత్తరాలు రాసి, హాంబర్గ్ వ్యాపారి ఒకాయన్ని తమ స్టాలుకి వచ్చేలా ఒప్పించింది. ఆయన ఊఁ అంటే చాలు, తమ ద్రాక్షతోట నిలబడినట్టే. ఆయన రానే వచ్చాడు. గ్లాసు తిప్పాడు, వాసన చూశాడు, ఒక గుక్క నోట్లో పోసుకుని పుక్కిలించాడు, బల్ల మీదున్న బకెట్‌లో తుపుక్కున ఉమ్మేశాడు. రోజుకి వంద రకాలు రుచి చూసేవాడు ఉమ్మకపోతే ఏం చేస్తాడు పాపం. అది తెక్లాకి తెలుసు. గయోజ్‌కి ఎవరూ చెప్పలేదు. ఇంటికొచ్చినవాడు తన ముఖాన ఉమ్మినా ఓర్చుకుంటాడేమో గాని, తన బానలోంచి తీసిన వైన్‌ని ఉమ్మితే ఓర్చుకునే మనిషా ఆయన! ఆ వ్యాపారి రెండో గుక్క నోట్లో పోసుకునే లోపల బకెట్ తీసి తన కాళ్ల వెనక పెట్టేసుకున్నాడు.

"మా వైన్ నోట్లోకి పోయాక బయటికి రాదని చెప్పవే ఇతనికి" అన్నాడు కూతురితో. తర్వాత ఓ గ్లాసు అంచుదాకా నింపి పైకెత్తి, ఆ హాంబర్గ్ వాడి తల్లి పేరు మీద, తీగ నాటిన పెద్దల పేరు మీద, ప్రపంచశాంతి పేరు మీద వరసగా శుభాకాంక్షలు చెప్పడం మొదలెట్టాడు. ఆ పెద్దమనిషి బుగ్గలు పూరీల్లా ఉబ్బించుకుని బకెట్ కోసం బల్ల కిందా మీదా వెతుకుతున్నాడు. పక్క స్టాలువాళ్లు పకపకా నవ్వుతూ ఫోన్లు బయటికి తీశారు. చివరికి చేసేది లేక అతను మింగేశాడు.

"ఎవరీయన?" అనడిగాడు నోరు తుడుచుకుంటూ.

"మా తోటలో పనివాడు. పెట్టెలు మోయడానికి తెచ్చుకున్నాం" అంది తెక్లా, జర్మన్‌లో.

గయోజ్ ఎత్తిన గ్లాసు దించేశాడు. బకెట్ తెచ్చి యథాస్థానంలో పెట్టాడు. ప్రదర్శన ముగిసేదాకా పెట్టెలు మోశాడు, గ్లాసులు కడిగాడు, ఆ ఉమ్ముల బకెట్ నిండినప్పుడల్లా తనే తీసుకెళ్లి పారబోసి కడుక్కొచ్చాడు. వ్యాపారి మర్నాడు మళ్లీ వస్తే తెర వెనక్కి తప్పుకున్నాడు. తెక్లా ఏమనుకుందో తెలుసా? హమ్మయ్య, నాన్న దారికొచ్చాడు అనుకుంది. బేరం కుదిరింది. ఎగిరి గంతేసి ఇంటికి ఫోన్ చేసింది. బుద్ధుండాలి!

త్బిలిసీలో విమానం దిగి, గొంబోరి కొండదారిలో వ్యాను నడుపుతూ వంద రకాలుగా మాటలు కూర్చుకుంది. నాన్నా, ఆ కంగారులో నోరు జారింది. నాన్నా, బేరం పోతుందేమోనని భయమేసింది. ఒక్కటీ పెదవి దాటలేదు. ఆయన మాత్రం దారి పొడవునా తోటలు చూసుకుంటూ, ఫలానావాడు తీగలు ఇంకా కట్టలేదు, ఫలానావాడి మొగ్గలు ముందే పగిలాయి అని మామూలుగా మాట్లాడుతున్నాడు. తిట్టినా బావుండేదనిపించింది ఆమెకి.

ఇంట్లో అప్పటికే పండగ వాతావరణం. తల్లి ఎతేరి ఇరుగుపొరుగునంతా పిలిచేసింది. వైన్ బానలు నేలలో పాతిన గదిలో పొడుగాటి బల్ల వేశారు. ఈస్టర్ ముందు ఉపవాసాలు గనక మాంసమూ జున్నూ లేవు గాని, చిక్కుడుగింజల పులుసు, అక్రోటు నూరి కలిపిన పాలకూర, పుట్టగొడుగులు, వేడివేడి రొట్టెలు ఎక్కడా ఖాళీ లేకుండా పరిచారు. ఆ ఊళ్లో ఏ విందుకైనా పెద్ద గయోజే. గ్లాసు పట్టుకుని నిలబడి ఒక్కొక్కరి పేరు చెప్పి నాలుగు మంచి మాటలు అనాలి, అందరూ తాగాలి. ఆ పెద్దనే వాళ్లు తమదా అంటారు.

"ఒరేయ్ గయోజ్, కూర్చున్నావేంరా? లే, మొదలెట్టు!" అని అరిచాడు పక్కింటి బద్రి.

"ఇవాళ తమదాగా నువ్వుండరా."

"నేనా? నువ్వుండగానా? జర్మన్లు నీ నాలుక కోసి అక్కడే ఉంచేసుకున్నారా ఏంటి కొంపదీసి?"

"గొంతు బాగాలేదురా, చంపకు."

"ఫోన్లో బానే ఉందిగా గొంతు?" అంది ఎతేరి అనుమానంగా. గయోజ్ రొట్టె తుంచుకుంటూ కూర్చున్నాడు.

ఇక తెక్లాకి అనుమానం లేదు. మొత్తం విన్నాడు. ప్రతి ముక్కా అర్థమైంది. విని కూడా ఆ బకెట్ కడిగాడు. సిగ్గుతో ఆమె చచ్చిపోయింది. వడ్డిస్తున్న పులుసు గరిటెడు బల్ల మీద ఒలికింది.

బద్రి తన వంతుగా శాంతి కోసం తాగించాడు, పోయినవాళ్ల కోసం తాగించాడు. "ఇంతకీ జర్మన్లు మా తమదాని ఎలా చూసుకున్నార్రా?" అని కదిపాడు.

"బాగానే చూసుకున్నారు. మాటలన్నీ పిల్లే మాట్లాడింది. నేను పెట్టెలు మోశాను" అన్నాడు గయోజ్. అందరూ గొల్లున నవ్వారు. తెక్లా తలెత్తలేకపోయింది.

"ఇప్పుడు అమ్మానాన్నల పేరు మీద! అలవెర్ది తెక్లాకి!" అన్నాడు బద్రి. అలవెర్ది అంటే మాట అందించడం. అందించాక కాదనడానికి లేదు, లేచి నిలబడి మిగతాది చెప్పాల్సిందే. మగవాళ్లంతా గ్లాసులతో లేచారు. గయోజ్ కూడా లేచాడు.

తెక్లా నిలబడింది. నాలుగు తీపి మాటలు చెప్పి కూర్చోవచ్చు. ఎవరికీ ఏమీ తెలియదు.

"అక్కడ ఒకాయన నాన్నని చూపించి ఎవరని అడిగాడు. నేను... మా పనివాడని చెప్పాను."

బద్రి నోటిదాకా ఎత్తిన గ్లాసు దించాడు.

"ఏమన్నావే?" అంది ఎతేరి.

"పనివాడు, పెట్టెలు మోయడానికి తెచ్చుకున్నాం అన్నానమ్మా. నాన్న అని చెప్పడానికి సిగ్గేసింది. నాన్నకి అంతా అర్థమైంది. నాకే తెలీలేదు." ఆమెకు ఏడుపు ముంచుకొచ్చింది.

గయోజ్ ఒక్కసారిగా పెద్దగా నవ్వాడు. "ఓసి పిచ్చిదానా, దానికా ఈ ఏడుపు! నేనే కదే అలా చెప్పమన్నాను! యజమాని అని తెలిస్తే నా పీకల మీద కూర్చుని ధర తగ్గించమంటారు. పనివాడంటే జోలికి రారు. ఎలా ఉందిరా బద్రీ మన ఎత్తు?"

"ఓరి దొంగ నక్కా!" అని బద్రి వీపు మీద ఒక్కటి చరిచాడు. అంతసేపూ బిగబట్టుకున్న ఊపిరంతా నవ్వయి బయటికొచ్చింది. "గౌమార్జోస్!" అంటూ గ్లాసులు గలగలలాడాయి. ఎతేరి కూడా రుమాలుతో కళ్లొత్తుకుంటూ నవ్వేసింది. ఎవరో పాట అందుకున్నారు.

ఆ గోలలో గయోజ్ కూతురి చేయి పట్టి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ముఖంలో నవ్వు అలాగే ఉంచి, ఆమె చెవి దగ్గరికి వంగాడు.

"పనివాడన్నావు, అందులో తప్పేముంది తల్లీ. మా నాన్న చనిపోయేదాకా సర్కారు తోటలో పనివాడే. నాకా బాధ లేదు. కానీ ఆ హాంబర్గ్ వాడు అడిగినప్పుడు నీ ముఖమే చూస్తున్నాను. కాస్తయినా తడుముకుంటావేమో అనుకున్నా. అడిగీ అడగ్గానే చెప్పేశావు."

కొండదారిలో కూర్చుకున్న మాటలేవీ దీనికి పనికిరావు. కంగారూ కాదు, భయమూ కాదు. ఆయన అన్నది నిజం. ఆ మాట అప్పటికప్పుడు పుట్టలేదు, అడిగేవాడి కోసం ఆమె నోట్లో ఎప్పట్నుంచో సిద్ధంగా ఉంది. ఆ సంగతి ఆమెకి ఇప్పుడే తెలిసింది. ఆయనకి మాత్రం ఆ రోజే తెలిసింది.

"తెక్లా, గ్లాసలాగే ఉంచావేం? అమ్మానాన్నల పేరు మీద మిగల్చకూడదు!" అని బల్ల అవతల్నుంచి అరుస్తున్నారు. ఆమె గ్లాసెత్తి గుక్క తిప్పుకోకుండా తాగింది. గయోజ్ ఆమె వైపు చూడకుండానే ఆమె పళ్లెంలో రెండు గరిటెల పులుసు వేసి, రొట్టె ముక్క పక్కన పెట్టాడు.

"తిను. పొద్దుట్నుంచి ఏమీ తినలేదు నువ్వు" అన్నాడు.