గంజి పెట్టిన నూలు

మా ఆయనకు పిడుగుల పిచ్చి. మద్రాసులో ఫిజిక్సు చదివొచ్చి, కర్నూలులో మా పెరటి కొట్టంలో వేల వోల్టులు పుట్టించే తీగచుట్ట తయారుచేశాడు. మీట నొక్కితే జానెడు నిప్పు ఎగిరేది. వీధి వీధంతా వచ్చి నోరు తెరుచుకుని చూసేది. నాకు మాత్రం ఒళ్లు మండేది. వంటింటి కప్పు కారుతుందంటే వినని మనిషి, ఆ చుట్టను చంటిబిడ్డలా చూసుకునేవాడు.

తీగకు చుట్టిన నూలంతా మా ఆడబిడ్డ ఉరుకుందమ్మ కోడుమూరు నుంచి పంపిందే. మగ్గం మీద బతికే మనిషి.

ఎండాకాలం చివర్లో ఆమే బండిలో వచ్చింది. కుడి అరచేతిలో సూది విరిగి లోపలే ఉండిపోయింది. చెయ్యి మోచేతి దాకా వాచి, ఒళ్లు జ్వరంతో కాలుతోంది.

"సూది యాడుందో కనపడితే తీస్తా. లేకుంటే చెయ్యే తీసేయాల" అన్నాడు డాక్టరు. ఆసుపత్రిలో ఎక్స్‌రే లేదు. ఆ జ్వరంతో మద్రాసు చేరదన్నాడు.

"నా చుట్ట ఉండాది. దానికి తగిలించి వెలిగించే ఎక్స్‌రే బుడ్డి కూడా తెప్పించి పెట్టినా. రేప్పొద్దున ఫోటో తీస్తా" అన్నాడు మా ఆయన. పెళ్లయ్యాక మొదటిసారి ఆ చుట్టకు దండం పెట్టాను.

తెల్లవారేసరికి వాన. మూడేళ్లుగా చినుకు ఎరుగని ఊరు వీధుల్లోకొచ్చి తడిసి కేరింతలు కొడుతోంది. కొట్టంలో ఉరుకుందమ్మ చెయ్యి ఫోటో ప్లేటు మీద పెట్టి, ఆయన మీట నొక్కాడు. బుడ్డి వెలగలేదు. చుట్ట లోపల చిటపటమంది, నూలు కాలిన వాసన కొట్టింది. అంతే. సాయంత్రానికి చెయ్యి తీసేశారు. ఆ వానను నేను తిట్టని తిట్టు లేదు.

ఆయన కాలిన చుట్ట విప్పి చూశాడు. నూలుకు గంజి ఉంది. గంజి పెట్టకుండా పంపమని ఆమెకు చెప్పాడట. కరెంటు పక్కకు దూకకుండా నూలుకు పట్టించే మైనం, గంజి ఉంటే లోపలికి ఇంకదు. ఎండలున్నంత కాలం ఏమీ కాలేదు, వానగాలికి గంజి చెమ్మ పీల్చేసింది.

"దానికి మాత్రం చెప్పొద్దే. తెలిస్తే బతకదు" అని నా చేతులు పట్టుకుని ఏడ్చాడు. ఆయన ఏడవడం అప్పుడే చూశాను.

దసరా ముందర ఉరుకుందమ్మ మళ్లీ వచ్చింది. చంకలో మూట. విప్పితే నూలు.

"ఎడంచేత్తో, పండ్లతో పట్టి తీసినా వదినా. గంజి వద్దన్న్యాడు అన్న. నేతోళ్ల ఇంట్లోంచి గంజి లేని నూలు ఎట్ల పంపేది? పోయినసారి పల్చనైనట్టుండాది, అందుకే కాలిపాయ. ఈసారి శానా చిక్కగా పెట్టినా. ఇంకొక ఆడదాని చెయ్యన్నా నిలబడనీ."

మా ఆయన ఆ నూలు కళ్లకద్దుకున్నాడు. "బాగుండాది ఉరుకుందా" అన్నాడు. ఆమె ముఖం విప్పారింది.

ఆమె బండి కదిలాక నూలంతా వేణ్ణీళ్లలో వేసి ఏడుస్తూ పిసికాను. ఒంటిచేత్తో అంత గట్టిగా ఎలా పట్టించిందో, ఎన్ని నీళ్లు మార్చినా తెల్లగానే వస్తున్నాయి.