లోపల గడియ

గోంగూరలోకి పచ్చిమిరపకాయలు ఎనిమిది చాలు. తిరుపతమ్మ పన్నెండు వేసింది. కాసేపు ఆలోచించి ఇంకో రెండు తుంచి పడేసింది. ఇవాళ్టితో వదిలిపోతోంది కదా, ఆ తెల్లపిల్ల నోట్లో జగ్గయ్యపేట నాలుగు రోజులు మండాలి.

పొట్టి మనిషి. యాభై ఎనిమిదేళ్ళు. పొయ్యి ముందు వంగీ వంగీ మెడ కాస్త ముందుకు సాగింది. మోచేతుల కింద నూనె చిందిన మచ్చలు పెసరగింజల్లా పరుచుకుని ఉంటాయి. ఒంటి మీద ముతక తెల్ల చీర, మడిది. ఆ చీర కట్టి వండితేనే ఈ ఇంట్లో దేవుడికీ మనుషులకీ ముద్ద దిగేది.

ఇంటి యజమానురాలు సత్యనారాయణమ్మకు ఆమె వరసకు పిన్ని. పిల్లల్లేరు, మొగుడు పోయాడు. సత్యనారాయణమ్మ తొలి కాన్పుకు మూణ్ణెల్లు సాయముందామని ట్రంకుపెట్టెతో వచ్చింది. అప్పుడు పుట్టిన పిల్లకి పెళ్ళయి ఇద్దరు బిడ్డలు. ట్రంకుపెట్టె మాత్రం ఇంకా ఇక్కడే ఉంది. పిలుపు పిన్ని, పని వంటమనిషిది. వంటమనిషైతే మానేస్తానని బెదిరించవచ్చు. పిన్నికి ఆ వీలు కూడా లేదు.

ఆమెకని ఇచ్చింది వంటింటి పక్క చిన్నగది. ఒక మంచం, ఒక గూడు. తలుపుకి బయట గొళ్ళెం ఉంది, లోపల ఏమీ లేదు. చింతపండు జాడీలు ఆ గదిలోనే ఉండేవి గనక ఎవరికి పనిబడ్డా తోసుకుని వచ్చేవాళ్ళు. చీర మార్చుకోవాలంటే తిరుపతమ్మ తలుపుకి వీపు ఆనించి, కాళ్ళు బిగబట్టి నిలబడి మార్చుకునేది. ఇరవయ్యారేళ్ళు అలాగే మార్చుకుంది.

కిందటి ఆగస్టులో ఆ గదీ పోయింది. సత్యనారాయణమ్మ మొగుడు చెన్నకేశవరావు ఎరువుల వ్యాపారి, ఊళ్ళో క్లబ్బుకి ప్రెసిడెంటు. అక్కడి పిల్ల ఇక్కడ ఒక ఏడాది, ఇక్కడి పిల్లాడు అక్కడ ఒక ఏడాది చదువుకునేట్టు క్లబ్బువాళ్ళ ఏర్పాటు. ఇక్కడినించి నందిగామ కుర్రాడెవడో వెళ్ళాడు. అక్కడినించి డెన్మార్కు పిల్ల లీనా, పదహారేళ్ళది, వీళ్ళింటికి వచ్చింది. పేపర్లో మాత్రం చెన్నకేశవరావు ఫోటో పడింది.

"పది నెలలే పిన్నీ. వెనక పంచలో సర్దుకో. గాలి కూడా బాగుంటుంది" అంది సత్యనారాయణమ్మ.

లీనా వచ్చిన రెండోవారం, నిద్రపోతున్న పిల్లని చూడ్డానికి వీధిలో ఆడవాళ్ళంతా తలుపు తోసుకుని వచ్చారు. ఒకావిడ జుట్టు పట్టుకుని చూసింది. పొద్దున్నే లీనా హాల్లో నిలబడి, లోపల గడియ లేకపోతే నేనుండనని ఇంగ్లీషులో చెప్పింది. ఇంటిల్లిపాదికీ కోపమొచ్చింది, మేమేమన్నా దొంగలమా అని. అయినా సాయంత్రానికల్లా వడ్రంగి స్తెఫను వచ్చి జానెడు ఇత్తడి గడియ బిగించాడు. చింతపండు జాడీలు మేడమెట్ల కిందికి మారాయి.

అన్నం వారుస్తూ తిరుపతమ్మ ఆ సుత్తి దెబ్బలన్నీ విన్నది. గంజి చేతిమీద పడినా తెలియలేదు. అడిగితే పెడతారని నాకెవరు చెప్పారు? అప్పటినించి ఆమెకు ఆ పిల్ల పొడే గిట్టేది కాదు.

లీనా కూడా తక్కువదేం కాదు. పప్పు నచ్చకపోతే అందరి ముందూ కుక్కకి పెట్టేది. దసరా ముందు ఒకనాడు వాన వస్తుంటే పెరట్లో ఎత్తు దండెం మీదనించి తిరుపతమ్మ మడిచీర లాగి, చక్కగా నాలుగు మడతలు పెట్టి ట్రంకుపెట్టె మీద ఉంచింది. కర్రతో తప్ప చేత్తో ముట్టని చీర అది. మైలపడిందని మళ్ళీ తడిపి ఆరేస్తే వానకి ఆరలేదు. మర్నాడు తిరుపతమ్మ తడి చీరతోనే పదిమందికి వండింది. మూడు రోజులు జ్వరం. "నీ చేతులు పడిపోను" అని తిట్టింది. పిల్లకి మాట అర్థం కాలేదు, మొహం అర్థమైంది. అది దాని భాషలో అరిచింది. అప్పటినించి ఇద్దరికీ మాటల్లేవు. కారం ఒకటే రాయబారం.

మధ్యాహ్నం లీనా గోంగూరన్నం మెతుకు వదలకుండా తిన్నది. కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే తుడుచుకోకుండా తిన్నది. జీపు వచ్చింది. దారిలో నందిగామ క్లబ్బువాళ్ళు దండలతో ఉంటారు, త్వరగా కానివ్వండని చెన్నకేశవరావు కేకలు. అందరికీ చెప్పేసి లీనా వంటింటి గడప దాకా వచ్చి బయటే ఆగింది.

"పోతున్నా."

"అలా అనకూడదు. వెళ్ళొస్తా అనాలి. పది నెలలున్నావు, అదన్నా రాలేదా?"

"మళ్ళీ రాను. అబద్ధం ఎందుకు?" అంది లీనా. "కూరలో కారం రోజూ ఎక్కువ. నాకు తెలుసు."

"తెలిసీ ఎందుకు తిన్నావే?"

"నువ్వు చూస్తున్నావు. అందుకే."

నవ్వలేదు ఇద్దరూ. జీపు హారను కొట్టింది.

తిరుపతమ్మ అంట్లు తోమి, తలంటుకుని, రేపటి మడిచీర ఉతికి పిండి, కర్రతో ఎత్తి దండెం మీద ఆరవేసింది. తర్వాత గది కడిగింది. పసుపునీళ్ళు చల్లింది, పిల్ల వాసన పోవాలని. పంచలోంచి ట్రంకుపెట్టె ఈడ్చుకొచ్చి గూడు కింద పెట్టింది. తలుపు వేసింది. గడియ జరిపింది. నూనె పెట్టినట్టు జరిగింది.

గది మధ్యలో, తలుపుకి దూరంగా నిలబడి చీర మార్చుకుంది. తొందర లేకుండా. మంచం మీద కూర్చుని తన చేతులు తనే చూసుకుంది.

తలుపు కదిలింది, తెరుచుకోలేదు.

"పిన్నీ? గడియ వేసుకున్నావా ఏంటి?" సత్యనారాయణమ్మ గొంతులో నవ్వు. "కాఫీ పెట్టు, మీ అల్లుడొచ్చే వేళైంది."

తిరుపతమ్మ గడియ తీసింది. సత్యనారాయణమ్మ చూపు ముందు పెట్టె మీద పడింది. "ఇదెందుకు తెచ్చావు? ఆగస్టులో ఇంకో పిల్లాడొస్తున్నాడుగా, నార్వేవాడు. గది బాగుందని క్లబ్బువాళ్ళు మనకే ఇచ్చారు. సున్నం కొట్టించాలి."

"ఈ గది నాకు కావాలమ్మాయ్."

కావాలి అన్న మాట తన గురించి ఆ ఇంట్లో ఎప్పుడూ వాడలేదు. నోట్లో రాయిలా ఉంది.

"గదా, గడియా?" సత్యనారాయణమ్మ పకపకా నవ్వింది. "ఈ వయసులో నిన్నెవరెత్తుకుపోతారు పిన్నీ? పంచలో గాలి బాగుంటుందన్నావుగా."

"నేనన్లేదు. నువ్వన్నావు. ఇస్తావా, ఇవ్వవా?"

"అబ్బో! ఆ పిల్ల నేర్పి పోయిందా? ఇవ్వకపోతే ఏం చేస్తావేంటి?"

తిరుపతమ్మ వంగి పెట్టె ఎత్తి చంకన పెట్టుకుంది. చిన్న పెట్టె. ఇన్నేళ్ళలో దాని బరువేమీ పెరగలేదు.

"వేదాద్రి సత్రంలో వంటకి రమ్మని రెండేళ్ళనించి కబురు పెడుతున్నారు. పోతున్నా."

"వెళ్ళొస్తానను, అశుభం! పిన్నీ, రాత్రికి వంట?"

పెరటి తలుపు చప్పుడైంది.

చెన్నకేశవరావు నందిగామలో వేసిన దండ మెళ్ళో ఉండగానే వచ్చి కాఫీ అడిగాడు. "అలిగింది. పొద్దున బస్సుకి తనే వస్తుంది. ఎక్కడికి పోతుంది?" అంది సత్యనారాయణమ్మ, పొయ్యి ఎలా అంటించాలో చూసుకుంటూ. అప్పుడే పడమటినించి గాలి లేచి, పెరట్లో పెద్ద చినుకులు మొదలయ్యాయి.

"మీ పిన్ని చీర తడుస్తోంది" అన్నాడతను.

"ముట్టుకోకండి. రేపొచ్చి గోల చేస్తుంది."

ఇద్దరూ గుమ్మంలో నిలబడి చూశారు. ఎత్తు దండెం మీద ముతక తెల్ల చీర, కింద గోడకి ఆనించిన కర్ర, రెండూ తడుస్తున్నాయి.