ఆఖరి కడుగు నీళ్లు

నాలుగోసారి జాడిస్తోంది సంగవ్వ. కందివేరును మొదట బ్లీచింగు నీళ్లలో, తర్వాత స్పిరిట్‌లో, చివరికి మరిగించి చల్లార్చిన నీళ్లలో ముంచి తీయాలి. పైనున్న క్రిములన్నీ చావాలి, వేరు లోపల కాపురమున్నవి బతకాలి. నాందేడ్‌లోని ఈ ల్యాబులో ఇరవై మూడేళ్లుగా ఆమెకిదే పని. బ్లీచింగుకు వేలిముద్రలు అరిగిపోయాయి. హాజరు మిషను ఆమెను ఏనాడూ గుర్తుపట్టలేదు. రిజిస్టర్లో సంతకం పెట్టాల్సిందే. ఇవాళ్టితో కొలువు అయిపోతుంది, పొద్దున పెట్టింది ఆఖరి సంతకం.

పొద్దుటినుంచీ ఆమె చూపు మూలనున్న, క్రిముల్ని పెంచే వెచ్చటి పెట్టె మీదే ఉంది. నాలుగు రోజుల కిందట కడిగిన మర్ఖేల్ ఊరి కందివేరు అందులో ఉంది. చేనంతా ఎండు తెగులుకు పోతే ఒక్క మొక్క పచ్చగా నిలిచిందని పరిశోధన చేసే ప్రతీక్ష పీక్కొచ్చింది. ఆ చేను దున్నేశారు, ఇంకో వేరు దొరకదు. ఆఖరి కడుగు నీళ్లను కూడా వేరే పళ్లెంలో పోస్తారు. దాని మూత మీద సంగవ్వ వంకరగా 'సం' అని రాస్తుంది. అందులో ఏదన్నా మొలిస్తే కడుగు చెడినట్టే, వేరు బుట్టదాఖలే.

మర్ఖేల్ తన అత్తవారి ఊరని ఆమె ఎవరికీ చెప్పలేదు. పిల్లలు కలగలేదని మొగుడు ఇంకొకతెను తెచ్చుకున్న రోజే సంచి పట్టుకుని బస్సెక్కింది. అప్పటినుంచీ అద్దె గదిలో ఒక్కతే.

మధ్యాహ్నం ప్రతీక్ష పెట్టె తెరిచింది.

"అవ్వా, గిటు రా! సూడు!"

వేరు ముక్క చుట్టూ మీగడలాంటి పొర. ఎదురుగా పెట్టిన తెగులు బూజు అక్కడిదాకా పాకి, కాస్త ఎడంగా ఆగిపోయింది.

"ఈ క్రిములు వేరు లోపల కిరాయిదార్ల లెక్క. వేరు తిండి వెడ్తది, ఇవి దొంగను రానియ్యవు."

"మరి నా పళ్లెం?"

"ఏది? ఆఁ, కడుగు నీళ్లదా? అండ్ల ఏం మొలవలే. మంచిగుంది."

అందరూ వేరు పళ్లేనికి ఫొటోలు తీశారు. ఏమీ మొలవలేదనే కదా మర్ఖేల్‌లో ఆమె మీదికి సవతి వచ్చింది. అదే ఇక్కడ ఇన్నేళ్లు అన్నం పెట్టింది. ఒక్కరైనా ఆ ఖాళీ పళ్లెం వంక చూస్తే బాగుండుననిపించింది.

సాయంత్రం శాలువా కప్పి, కొబ్బరికాయ చేతిలో పెట్టి, చాయ్ తాగి ఎవరి దారిన వాళ్లు పోయారు. ప్రతీక్ష వేరు పళ్లేన్ని ఫ్రిజ్‌లో దాచింది.

"పోయొస్త బిడ్డా," అంది సంగవ్వ, వచ్చేది లేదని తెలిసీ.

"మంచిది అవ్వా," అంది ప్రతీక్ష, ఫోన్‌లోంచి తలెత్తకుండానే.

రోజూలాగే వాడిన పళ్లేలన్నీ క్రిములు చావాలని కుక్కర్‌లో ఉడకేసింది. ఒక్కదాన్ని వేయబుద్ధి కాలేదు. చెప్పులు వేసుకుని, లైటు ఆర్పి వెళ్లిపోయింది.

కుళాయి పక్కన 'సం' అని రాసిన పళ్లెం ఉండిపోయింది, లోపల ఒక్క మచ్చ కూడా లేకుండా.